డేటాబేస్ వెతుకులాటలో ప్రత్యేక అక్షరాల చిక్కు ఎక్కడ మొదలైంది?

వెతికే పెట్టెలో 50% అని కొడితే 500, 1950 వంటి అంకెలున్న వరుసలను కూడా తెచ్చి చూపే అప్లికేషన్లు ఇప్పటికీ ఉన్నాయి. ఫలితాలు ఎక్కువ రావడమే తప్ప ఎర్రర్ ఏదీ రాదు కనుక, ఈ లోపం ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోగలదు.

1974లో ఐబీఎంకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ప్రకటించిన సీక్వెల్ భాషే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. డేటాబేస్‌కు క్వెరీలు, అంటే ప్రశ్నలు, రాసేది ఈ భాషలోనే. అందులో ఒక ప్యాటర్న్‌కు (నమూనాకు) సరిపోయే మాటలను వెతికే లైక్ షరతుకు శాతం గుర్తు అంటే ఎన్ని అక్షరాలైనా, అండర్‌స్కోర్ అంటే ఏదైనా ఒక్క అక్షరం; ఇలాంటివాటిని వైల్డ్‌కార్డులంటారు. ఇవి మామూలు రాతలోనూ వచ్చే గుర్తులే కనుక, వాటిని ఉన్నవి ఉన్నట్టుగా వెతకాలంటే ముందొక ఎస్కేప్ అక్షరం, అంటే తర్వాతి గుర్తును మామూలు అక్షరంగానే చూడమని చెప్పే అక్షరం, ఉండాలి. ఆ అక్షరం ఏదన్నది క్వెరీలోనే చెప్పే వీలును భాషా ప్రమాణం కల్పించింది. చెప్పనప్పుడు మాత్రం ఒక్కో డేటాబేస్‌ది ఒక్కో దారి: పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ బ్యాక్‌స్లాష్‌ను ఎస్కేప్‌గా తీసుకుంటాయి, ఒరాకిల్, ఎస్‌క్యూలైట్ దేనినీ తీసుకోవు, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనైతే చదరపు బ్రాకెట్‌కు కూడా ప్రత్యేకార్థం ఉంది. అందువల్ల ఒకచోట సరిగ్గా పనిచేసిన కోడ్ మరోచోట చడీచప్పుడు లేకుండా తప్పు ఫలితాలు ఇస్తుంది.

అసలు చిక్కంతా ఒకే అక్షరాన్ని ఒకదాని తర్వాత ఒకటిగా పలు దశలు చదవడంలో ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో లైక్‌తో ఒక్క బ్యాక్‌స్లాష్‌ను వెతకాలంటే క్వెరీలో నాలుగు రాయాలి: స్ట్రింగ్‌ను (కోట్ల మధ్య రాసిన పాఠాన్ని) చదివే దశ నాలుగింటిని రెండు చేస్తే, ప్యాటర్న్‌ను చదివే దశ ఆ రెండింటిని ఒకటి చేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లోనూ ఇదే పరిస్థితి ఉండేది. 2011లో వచ్చిన 9.1 వెర్షన్ నుంచి మామూలు స్ట్రింగ్‌లో బ్యాక్‌స్లాష్‌కు ప్రత్యేకార్థం తీసేయడంతో అక్కడ రెండు సరిపోతున్నాయి.

1998 డిసెంబరులో ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రికలో వచ్చిన వ్యాసం ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (వాడుకరి కొట్టిన మాట క్వెరీలో ఆదేశంగా మారిపోవడం) ప్రమాదాన్ని బయటపెట్టాక అందరి దృష్టీ స్ట్రింగ్‌ను ముగించే సింగిల్ కోట్ మీదికి మళ్లింది. విలువలను క్వెరీ నుంచి వేరుచేసి పారామీటర్లుగా పంపడం దానికి సరైన మందు, ఆ విషయంలో రాజీ కూడదు. అయితే అది కాపాడేది మొదటి దశను మాత్రమే. పారామీటర్‌గా వెళ్లిన శాతం గుర్తు లైక్ దగ్గరికి చేరాక వైల్డ్‌కార్డ్‌గానే పనిచేస్తుంది. ఈ తేడాను పాఠాల్లో గట్టిగా చెప్పకపోవడమే లోపం ఇన్నాళ్లు నిలవడానికి పెద్ద కారణమని నా అభిప్రాయం.

పాఠంలోని మాటల సూచికతో వెతికే ఫుల్‌టెక్స్ట్ ఇండెక్సులు వచ్చాక మరో దశ చేరింది. మైఎస్‌క్యూఎల్ బూలియన్ పద్ధతిలో కూడిక, తీసివేత గుర్తులు ఆదేశాలు: ఆ మాట ఉండాలని, ఉండకూడదని. పోస్ట్‌గ్రెస్‌లో పొందిక తప్పిన గుర్తులకు క్వెరీయే విఫలం కాగలదు. ఇలాంటి గుర్తులను అర్థం చేసుకుంటూనే వాడుకరి ఏం కొట్టినా ఎర్రర్ ఇవ్వని ఫంక్షన్ 2018లో, 11వ వెర్షన్‌లో వచ్చింది.

యూనికోడ్‌తో వచ్చిన చిక్కు కంటికి కనిపించదు. సాఫ్ట్‌వేర్ అనే మాట మధ్యలో పొల్లును నిలిపి ఉంచే అదృశ్య అక్షరం ఒకటి ఉంటుంది. అది లేకుండా టైప్ చేసిన మాట, బైట్లను పోల్చే వెతుకులాటకు వేరే మాట. ఐత్వం గుర్తును కూడా ఒకే కోడ్‌గా గాని, రెండు కోడ్‌ల జతగా గాని రాయవచ్చు. నార్మలైజేషన్ (ఒకే అక్షరపు వేర్వేరు కోడ్ రూపాలను ఒకటిగా మార్చడం) ఈ రెండో తేడాను చెరిపేస్తుంది గాని, అదృశ్య అక్షరాన్ని ముట్టుకోదు. దాన్ని విడిగా తీసేయాలి. ఆ శుద్ధి నిల్వ చేసే పాఠానికీ వెతికే మాటకీ ఒకేలా జరగాలి, అదీ ఎస్కేప్ చేయడానికి ముందే. ఎస్కేప్ చేసేటప్పుడు మొదట బ్యాక్‌స్లాష్‌ను, ఆ తర్వాతే శాతం గుర్తును, అండర్‌స్కోర్‌ను మార్చాలి. వరుస తారుమారైతే కొత్తగా చేర్చిన బ్యాక్‌స్లాష్‌లే రెట్టింపై వైల్డ్‌కార్డులు మళ్లీ బయటపడతాయి.