రక్తం రిపోర్టు నార్మల్, నోట్లో పుండు అలాగే: నోటి క్యాన్సర్ ప్రోటీన్ పరీక్షలపై అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన భార్యతో కలిసి మా ఓపీకి వచ్చారు. నాలుక పక్కన పుండు. నాలుగు నెలలైందట. "ఇన్నాళ్లు ఎందుకు ఆగారండీ?" అని అడిగితే సంచిలోంచి ఒక రిపోర్టు తీశారు. ఎక్కడో ఫుల్ బాడీ చెకప్ చేయించుకున్నారు. క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరగొచ్చని చూసే ప్రోటీన్లు (మార్కర్లు) సీఈఏ, ఎస్‌సీసీ యాంటిజెన్ రెండూ నార్మల్. "క్యాన్సర్ లేదని చెప్పారు కదమ్మా" అన్నారు. గ్లవ్ వేసుకుని పుండు అంచు తడిమాను. మిగతా నాలుకంతా మెత్తగా ఉంది, అక్కడ మాత్రం లోపల చింతగింజ ఉన్నట్టు గట్టిగా తగిలింది. పుండు నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో (బయాప్సీ) క్యాన్సర్ అనే వచ్చింది.

నేను ఓరల్ పాథాలజిస్టుని, అంటే నోటి జబ్బుల్ని పరీక్షించి నిర్ధారించే డాక్టర్ని. లాలాజలంలోని ప్రోటీన్లతో ఈ జబ్బును ముందే పట్టుకోగలిగే రోజు రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. అందుకే ఆ రోజు ఆ రిపోర్టు చూసి చాలా బాధపడ్డాను.

అపోహ: రక్తంలో క్యాన్సర్ మార్కర్ నార్మల్ వస్తే నోటి క్యాన్సర్ లేనట్టే.

చిన్న పుండు రక్తంలోకి వదిలే ప్రోటీన్ చాలా తక్కువ. ఎస్‌సీసీ యాంటిజెన్ ఎక్కువగా పెరిగేది జబ్బు ముదిరాకే. పైగా సోరియాసిస్ ఉన్నా, కిడ్నీలు దెబ్బతిన్నా క్యాన్సర్ లేకుండానే పెరుగుతుంది. తొలి దశలో ఈ నంబరు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, టెన్షన్ కూడా పడొద్దు.

అపోహ: ఉమ్మి పరీక్షతో ఇప్పుడే తేల్చేయొచ్చు.

ఆశ పెట్టుకోదగ్గ దారే ఇది. పుండును తడుపుతూ ఉండేది లాలాజలమే కాబట్టి దాని ఆనవాళ్లు అందులో దొరకడం సహజం. 2008లో అమెరికాలోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎం2బీపీ, ఎంఆర్‌పీ14, ప్రొఫిలిన్, సీడీ59, క్యాటలేజ్ అనే 5 ప్రోటీన్లను కలిపి చూశారు. క్యాన్సర్ ఉన్నవాళ్లలో 90 శాతం మందిని ఆ పరీక్ష పట్టుకుంది. లేనివాళ్లలో 83 శాతం మందికి లేదని సరిగ్గా చెప్పింది.

వినడానికి బాగుంది కదా? ఇప్పుడు దీన్ని ఊళ్లోకి తీసుకెళ్దాం. 1000 మందికి చేశాం, అందులో 5 మందికి నిజంగా క్యాన్సర్ ఉంది అనుకోండి. నలుగురో ఐదుగురో దొరుకుతారు. మంచిదే. కానీ జబ్బు లేని 995 మందిలో 17 శాతం, అంటే దాదాపు 169 మందికి కూడా పాజిటివ్ అని వస్తుంది. వాళ్లందరికీ ఆ రాత్రి నిద్ర పట్టదు. ఇంకో సంగతి, ఆ అధ్యయనంలో పోల్చింది క్యాన్సర్ ఉందని అప్పటికే తేలినవాళ్లను, ఆరోగ్యంగా ఉన్నవాళ్లను. మాకు కష్టమయ్యేది ఆ రెండింటి మధ్య ఉన్న నోళ్లతోనే: తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, వక్క నమిలి నమిలి సరిగ్గా తెరుచుకోని నోరు.

అపోహ: లాలాజలంలో ఇలాంటి ప్రోటీన్ పెరిగిందంటే క్యాన్సరే.

వాపు ఉన్నప్పుడు ఒంట్లో తయారయ్యే ప్రోటీన్లు ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8 నోటి క్యాన్సర్‌లో పెరిగే మాట నిజం. చిగుళ్ల జబ్బులోనూ పెరుగుతాయి. మన దగ్గర చిగుళ్లు బాగున్న పెద్దవాళ్లు ఎంతమంది? పళ్లు తోముకున్నప్పుడు కాస్త రక్తం కారినా శాంపిల్ మారిపోతుంది. అందుకే పరిశోధనకు లాలాజలం తీసుకునేటప్పుడు అంతకుముందు గంటసేపైనా ఏమీ తినొద్దంటాం. నోరు పుక్కిలించాక, ఖాకరించకుండా, దానంతట అదే ఊరిన ఉమ్మిని ట్యూబులోకి జారనివ్వమంటాం. ట్యూబును వెంటనే ఐసులో పెట్టాలి. లేకపోతే లాలాజలంలోని ఎంజైములే ఆ ప్రోటీన్లను కొరికేస్తాయి. ఒక్కో ల్యాబు ఒక్కోలా సేకరిస్తే ఒకరి అంకెలు ఇంకొకరికి పనికిరావు.

అపోహ: ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది.

పాకదు. జబ్బును ఖాయం చేసేది ఆ ముక్కే.

అపోహ: మంచి టెస్టు వచ్చేదాకా ముందే పట్టుకునే దారి లేదు.

ఉంది. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన పెద్ద అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, వెలుతురులో నోళ్లు తెరిపించి చూశారు. పొగాకు లేదా మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో ఫలితాలు వచ్చాయి. వాళ్లు చేసింది కంటితో చూడటం, వేలితో తడమడం, అంతే. రెండు వారాలైనా మానని పుండు, గీకినా పోని తెల్ల మచ్చ, ముఖ్యంగా మెత్తటి ఎర్ర మచ్చ కనిపిస్తే నొప్పి లేకపోయినా రండి. తొలి దశలో చాలావరకు నొప్పి ఉండదు.

ఆ రోజు పెద్దాయన పక్కన కూర్చున్న ఆవిడ మాట్లాడుతుంటే అంగిలి మీద తెల్లగా కనిపించింది. "అడ్డపొగ తాగుతారా అమ్మా?" అంటే సిగ్గుపడి తలూపారు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం అక్కడి ఆడవాళ్లకు చిన్నప్పటి అలవాటు. టార్చి వేసి చూస్తే తెల్లటి మందం మధ్యలో చిన్న ఎర్ర మచ్చ. అక్కడి నుంచే ముక్క తీశాం. క్యాన్సర్ కాలేదు, కణాలు మాత్రం మారడం మొదలైంది. చుట్ట మానేశారు. మూడు నెలలకోసారి చూపించుకోవడానికి వస్తున్నారు. పోయినసారి చెల్లెల్ని కూడా వెంట తీసుకొచ్చారు.