పేనుబంక మధ్య పాకుతున్నది పురుగే, కానీ మీ పక్షం

ఈగ అనగానే జొన్నలో మొవ్వు ఈగ, మామిడిలో పండు ఈగ గుర్తొస్తాయి, అందుకే చేలో ఈగ పిల్ల కనిపిస్తే చెయ్యి మందు డబ్బా మీదకే పోతుంది.

అపోహ: "సార్, పేనుబంక చాలదన్నట్టు ఇప్పుడు జలగల్లాంటి పురుగులు కూడా పడ్డాయి."

అలసంద చేలల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! అది సిర్ఫిడ్ ఈగ పిల్ల. కాళ్లుండవు, చూపుండదు, ముందుభాగాన్ని అటూ ఇటూ ఆడిస్తూ తడుముకుంటుంది, పేను (పేనుబంక అంటే మొక్క రసం పీల్చే ఈ చిన్న పురుగుల గుంపే) తగిలితే పట్టుకుని లోపలి రసమంతా పీల్చేసి తొక్క పారేస్తుంది. పెరిగే కొద్ది రోజుల్లోనే వందల పేలు ఖాళీ. ఎక్కువగా రాత్రిపూట తింటుంది, పగలు వెళ్లి చూస్తే సోమరిలా పడి ఉంటుంది. ఆకు మీద ఎండు తొక్కలు, తారు చుక్కల్లాంటి మరకలు కనిపిస్తే పని జరుగుతోందన్నమాట. ఆ టైంలో మందు కొడితే ముందు పోయేది ఇదే, పేనుబంక మళ్లీ లేచి వస్తుంది.

అపోహ: ఆ పిల్ల పెరిగి ఈగయ్యాక కుడుతుంది.

నల్ల పసుపు చారలు వేషమే, ముల్లు లేదు. తేనెటీగకు నాలుగు రెక్కలు, దీనికి రెండే.

అపోహ: ట్రైకోగ్రామా కార్డుల్లా (పురుగు గుడ్లను చంపే బుల్లి కందిరీగల కార్డులు) సిర్ఫిడ్ ఈగల్నీ కొని చేలో కట్టేయొచ్చు.

యూరప్‌లో గ్రీన్‌హౌస్‌లకు అమ్ముతారు గానీ మన ఊళ్ల షాపుల్లో నేను చూడలేదు. రప్పించుకోవాల్సిందే. తల్లి ఈగ పేలను తినదు, దానికి పుప్పొడి, మకరందం కావాలి, గట్టు మీద నాలుగు సాళ్లు ధనియాలో ఆవాలో పూతలో ఉంటే అదే వస్తుంది.

అపోహ: టాకినిడ్ ఈగ (లద్దె పురుగుల మీద గుడ్లు పెట్టే ఇంకో రకం ఈగ) గుడ్డు పెట్టినా లద్దె పురుగు తింటూనే ఉంది, ఇక దేనికి?

తింటుంది మరి, కొన్ని రోజులు. ఈలోగా ఈగ పిల్ల లోపలే ఉండి దాన్ని తినేస్తుంది, చివరికి పురుగు చస్తుంది. చేత్తో ఏరేటప్పుడు ఒంటి మీద తెల్లటి గుడ్లు అంటుకున్న పురుగుల్ని వదిలేయండి (నలిపేస్తే ఈగ కూడా పోతుంది).

అపోహ: ఈ ఈగలు ఎక్కడున్నా మంచివే.

ఇదే అన్నిటికన్నా ప్రమాదం. పట్టు పురుగుల్ని చంపి రైతుల్ని ఏడిపించే ఊజీ ఈగ కూడా టాకినిడే, 1980లో బెంగాల్ నుంచి కర్ణాటకకు వచ్చింది, తర్వాత మన వైపూ పాకింది. అమెరికాలోనైతే చెట్ల ఆకులు తినే జిప్సీ మాత్ అనే చిలుక పురుగును అణచడానికి 1906 నుంచి యూరప్ టాకినిడ్‌ను కావాలనే వదిలారు, అది అక్కడి పెద్ద పట్టు చిలుకల మీద కూడా పడింది. అందుకే బయటి ఈగను తెచ్చి వదులుదామని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, చేలో ఉన్నదాన్ని చంపకుండా ఉంటే చాలు.