హెలికాప్టర్ నడపడం నేర్చుకోవాలంటే: అపోహలు - వాస్తవాలు

విశాఖలో పెరిగినవాళ్ళకి హెలికాప్టర్ కొత్త కాదు. ఆర్కే బీచ్‌లో నేవీ డే జరిగే ఏడాది రిహార్సల్స్ రోజుల్లో చేతక్‌లు, కమోవ్‌లు తల మీదే తిరుగుతుంటాయి. కమాండోలు తాళ్ళ మీంచి జారుతుంటే పిల్లలు కళ్ళార్పకుండా చూస్తారు. ఆ సందడి అయ్యాక నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, మావాడు హెలికాప్టర్ నేర్చుకుంటానని పట్టుబట్టాడు, ప్రమాదం కాదండీ?" అని అడుగుతారు. నేను నేవీలో చేతక్ నడిపాను, బయటికొచ్చాక రాబిన్సన్ కంపెనీ చిన్న హెలికాప్టర్ల మీద మామూలు జనానికి నేర్పాను. భయపడక్కర్లేని చోట భయపడటం, భయపడాల్సిన చోట ధీమాగా ఉండటం నేను చాలామందిలో చూశాను. ఈ పోస్టు అందుకే.

అపోహ: ఇంజిన్ ఆగితే అంతే సంగతులు

అందరూ మొదట అడిగేది ఇదే కాబట్టి వివరంగా చెప్తాను. ఇంజిన్‌కీ, పైన తిరిగే రోటర్‌కీ మధ్య ఫ్రీవీలింగ్ క్లచ్ ఉంటుంది. సైకిల్ తొక్కడం ఆపేసినా వెనక చక్రం తిరుగుతూనే ఉంటుంది కదా, ఇదీ అదే ఏర్పాటు. ఇంజిన్ ఆగిన వెంటనే ఎడమ చేతిలో ఉండే కలెక్టివ్ అనే లివర్‌ని పూర్తిగా దించెయ్యాలి. దాంతో బ్లేడ్ల కోణం తగ్గుతుంది. హెలికాప్టర్ దిగుతున్నకొద్దీ కింది నుంచి వచ్చే గాలే రోటర్‌ని తిప్పుతుంది. దీన్ని ఆటోరొటేషన్ అంటాం. శిక్షణలో ఎక్కువగా వాడే రాబిన్సన్ ఆర్22లో అయితే 65 నాట్ల (గంటకి సుమారు 120 కిలోమీటర్ల) వేగం దగ్గర నిలబెట్టి దిగుతాం. నేల 40 అడుగుల దూరంలో ఉందనగా ముక్కు పైకెత్తి వేగం తగ్గిస్తాం. చివర్లో కలెక్టివ్ లేపి, రోటర్‌లో మిగిలిన శక్తిని వాడుకుని మెత్తగా దిగుతాం. ఒంటరిగా ఎగరడానికి ముందే విద్యార్థి చేత దీన్ని విసుగొచ్చేదాకా చేయిస్తాం. లైసెన్సు పరీక్షలో ఎగ్జామినర్ కూడా చేయించి చూస్తారు.

అయితే దీనికి రెండు షరతులున్నాయి. ఆర్22 రోటర్ బాగా తేలిక, అందుకే కలెక్టివ్ దించడానికి దొరికే వ్యవధి ఒకటి, ఒకటిన్నర సెకన్లే. రోటర్ వేగం 97 శాతానికి పడిపోతే హారన్ మోగుతుంది. అది వినపడగానే చెయ్యి దానంతట అది కదలాలి, అప్పుడు ఆలోచిస్తూ కూర్చుంటే కుదరదు. రెండోది ఎత్తు, వేగం. వంద, రెండు వందల అడుగుల్లో కదలకుండా నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ ఆగితే, ఆటోరొటేషన్‌కి కావలసిన వేగం అందుకునేంత ఎత్తు ఉండదు. ఏ ఎత్తులో కనీసం ఎంత వేగం ఉండాలో చూపించే గ్రాఫ్ ప్రతి హెలికాప్టర్ మాన్యువల్‌లోనూ ఉంటుంది. బీచ్ మీద ఫొటో కోసం కాసేపు గాల్లోనే ఆపమని స్నేహితులు అడిగితే ఒప్పుకోకండి.

అపోహ: గాల్లో నిలబడటమే అన్నిటికన్నా తేలిక

నిజానికి అదే అన్నిటికన్నా కష్టం. ఇంజిన్ నుంచి ఎక్కువ శక్తి గుంజేదీ అదే. ఆర్22 అతి తక్కువ శక్తితో ఎగిరేది 53 నాట్ల దరిదాపుల్లో. నిలబడాలంటే అంతకన్నా చాలా ఎక్కువ కావాలి.

మొదటి పాఠంలో ఏం జరుగుతుందో చూడండి. కలెక్టివ్ కొంచెం లేపగానే ముక్కు కుడికి తిరుగుతుంది. ఎడమ పెడల్ తొక్కితే ముక్కు ఆగుతుంది కానీ, తోక రోటర్ బలం పెరిగి మనిషితో సహా మొత్తం కుడికి జరగడం మొదలవుతుంది. ఇప్పుడు కుడి చేతిలోని సైక్లిక్ అనే కర్రని ఎడమకి నెట్టాలి. నెడితే పైకెత్తే బలం కొంత తగ్గి కిందికి దిగుతుంది. మళ్ళీ కలెక్టివ్ లేపాలి. అంటే కథ మళ్ళీ మొదటికొచ్చిందన్నమాట. అమెరికా తయారీ హెలికాప్టర్లలో ఇంతే. ఫ్రెంచ్ డిజైన్ అయిన చేతక్‌లో రోటర్ అటువైపు తిరుగుతుంది కాబట్టి పెడల్ కూడా అటూ ఇటూ మారుతుంది. నేవీ నుంచి వచ్చినవాళ్ళ కాళ్ళకి కొత్తగా అలవాటు చెయ్యాల్సి వస్తుంది.

టెన్షన్‌లో కొత్తవాళ్ళు సైక్లిక్‌ని వేళ్ళు తెల్లబడేంత గట్టిగా పట్టుకుంటారు. కళ్ళు ఎదురుగా ఉన్న పదడుగుల నేల మీదే ఉంటాయి. నేను మొదట మార్చేది ఆ రెండే. ముంజేతిని తొడ మీద ఆనించమంటాను, సైక్లిక్‌ని రెండు వేళ్ళు, బొటనవేలితో పట్టుకోమంటాను, చూపుని దూరంగా ఉన్న చెట్ల వరస మీద పెట్టమంటాను. పెడల్స్ మాత్రమే వాళ్ళకిచ్చి మిగతావి నేను చూసుకుంటాను. తర్వాత కలెక్టివ్, ఆఖరున సైక్లిక్. చెయ్యి కదిలించడం తక్కువై, ఒత్తిడి పెట్టడం మొదలైన రోజు హెలికాప్టర్ నిలబడుతుంది. ఆ రోజు విద్యార్థి ముఖం చూడటానికే నేను ఈ పని చేస్తున్నానని చెప్పినా తప్పులేదు.

అపోహ: యంత్రం బాగుంటే వాతావరణం సంగతి చూసుకోవచ్చు

నన్ను బాగా బాధపెట్టే అపోహ ఇది. తెలుగువాళ్ళకి హెలికాప్టర్ ప్రమాదం అనగానే రెండు తేదీలు గుర్తొస్తాయి. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు, 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు పోయారు. నల్లమలలో కూలింది రెండు ఇంజిన్లు, ఇద్దరు పైలట్లు ఉన్న బెల్ 430. వానాకాలం మబ్బులు దట్టంగా పట్టిన అడవి కొండల మీద కూలింది. అంత పెద్ద హెలికాప్టర్‌కే ఆ గతి పడితే, ఒక్క ఇంజిన్, ఒక్క పైలట్ ఉన్న చిన్నదానికి మబ్బులో ఏం పని?

ప్రైవేట్ లైసెన్సు కంటికి దారి కనిపించినంతవరకే. ఆర్22 లాంటి వాటిలో ఆటోపైలట్ ఉండదు, చెయ్యి వదిలితే నిటారుగా నిలవదు. మబ్బులో దూరి, నేలా ఆకాశమూ కనిపించకపోతే చెవి లోపలి సమతుల్యం తప్పుడు కబురు చెప్తుంది. వంగి ఉన్నా తిన్నగా ఉన్నట్టే అనిపిస్తుంది. మన ఊరి చుట్టూ సింహాచలం, యారాడ, కైలాసగిరి కొండలున్నాయి. జులై, ఆగస్టుల్లో పొద్దున్నే మబ్బు కిందికి దిగి కొండ నెత్తిన కూర్చుంటుంది. అరకు వైపు ఘాట్‌లలో మబ్బుల మధ్య సందు కనిపించి, దాటేలోగా మూసుకుపోతుంది. సముద్రపు గాలి కొండ మీంచి దిగేచోట కుదుపులుంటాయి. ఆర్22 లాంటి రెండు బ్లేడ్ల హెలికాప్టర్లకి కుదుపుల్లో వేగం తగ్గించుకోవడం అవసరం.

ఇలాంటప్పుడు చెయ్యాల్సినవి రెండే: వెనక్కి తిరగడం, లేదా ఖాళీ పొలం చూసి దిగి కూర్చోవడం. హెలికాప్టర్‌కి ఉన్న గొప్ప సౌలభ్యం ఈ రెండోదే, విమానానికి అది లేదు. దిగి, ఫోన్ చేసి, ఆలస్యమవుతుందని ఇంట్లో చెప్పండి. నా విద్యార్థుల్లో ఎవరైనా సగం దారిలో వెనక్కొచ్చేస్తే నేను టీ ఇప్పించి మెచ్చుకుంటాను.

ఎండ సంగతీ ఇలాంటిదే. వేడి గాలి పలచగా ఉంటుంది కాబట్టి రోటర్‌కీ, ఇంజిన్‌కీ పట్టు తగ్గుతుంది. లెక్కకి ప్రామాణికం సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు. మన దగ్గర 35 ఉంటే హెలికాప్టర్‌కి అది సుమారు 2400 అడుగుల ఎత్తులో ఉన్నట్టే. అరకు ఎత్తు దాదాపు 3000 అడుగులు, అక్కడ 30 డిగ్రీలుంటే 5500 అడుగులతో సమానం. ఆర్22 మొత్తం బరువు 622 కిలోలు దాటకూడదు, ఒక్కో సీటు మీద 109 కిలోలే. కాబట్టి ఇద్దరు బరువైన మనుషులు కూర్చుంటే పెట్రోల్ తగ్గించాలి, లేదా పెద్దదైన ఆర్44 తీసుకోవాలి. మే నెల మధ్యాహ్నం ఇసుక మీంచి నిలబెట్టి లేపడం, జనవరి పొద్దున గట్టి రన్‌వే మీంచి లేపడం ఒకటే అనుకుంటే పొరపాటు.

అపోహ: విమానం నడపడం వచ్చినవాళ్ళకి హెలికాప్టర్ చిటికెలో పని

రేడియో, వాతావరణం, మ్యాపులు తేలికే. చేతి అలవాట్లే ప్రమాదం. విమానంలో వేగం పడిపోతే ముక్కు కిందికి నెట్టడం రక్తంలో ఇంకిపోయి ఉంటుంది. రాబిన్సన్‌లో సైక్లిక్‌ని ఒక్కసారిగా ముందుకి తోస్తే రోటర్ మీద బరువు పోయి, బ్లేడ్ల మూలం మాస్ట్‌ని (రోటర్‌ని మోసే నిలువు కడ్డీని) కొట్టే స్థితి రావచ్చు. రాబిన్సన్ కంపెనీ తన 29వ సేఫ్టీ నోటీసులో విమాన పైలట్ల గురించే ప్రత్యేకంగా హెచ్చరించింది. అమెరికాలో హెలికాప్టర్ లైసెన్సు లేనివాళ్ళు ఆర్22ని ఒంటరిగా నడపాలంటే ముందు 20 గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగరాలన్న నిబంధన ఉంది.

అపోహ: విశాఖలో ఇన్ని హెలికాప్టర్లున్నాయి, ఇక్కడే నేర్పుతారు

అవన్నీ నేవీ వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగావి. మన ఎయిర్‌పోర్టు రన్‌వే కూడా నేవీదే, టవర్‌లో మాట్లాడేదీ నేవీ కంట్రోలరే. నేవీ పైలట్లు హెలికాప్టర్ నేర్చుకునేది తమిళనాడులోని అరక్కోణంలో, ఐఎన్‌ఎస్ రాజాలిలో. బయటివాళ్ళకి అక్కడ చోటుండదు. దేశంలో పౌరులకి హెలికాప్టర్ నేర్పే సంస్థలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందుకే చాలామంది అమెరికా వెళ్తున్నారు. వీసాతో పాటు అక్కడి భద్రతా విభాగం అనుమతి కూడా కావాలి. తిరిగొచ్చాక ఆ లైసెన్సుని ఇక్కడికి మార్చుకోవాలంటే డీజీసీఏ (మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నియమాలు, పరీక్షలు, మెడికల్ ఉంటాయి.

ప్రైవేట్ లైసెన్సుకి కనీసం 40 గంటలు ఎగరాలన్న మాట విని దానికే డబ్బు సిద్ధం చేసుకోకండి. చాలామందికి 55, 60 దాటుతుంది. గంట ఖరీదు ఎక్కువెందుకంటే, రాబిన్సన్‌లు కంపెనీ చెప్పిన గంటలకో, 12 ఏళ్ళకో, ఏది ముందైతే అప్పుడు ఓవర్‌హాల్‌కి (పూర్తిగా విప్పి బాగుచెయ్యడానికి) వెళ్ళాలి. బ్లేడ్లు ఎంత కొత్తగా కనిపించినా గంటలు నిండితే తీసెయ్యాల్సిందే. మీరు కట్టే గంట డబ్బులో ఆ ఖర్చూ కలిసి ఉంటుంది.

అపోహ: లైసెన్సు చేతికొస్తే పెళ్ళిళ్ళకి పూలు చల్లొచ్చు, ఎక్కడైనా దిగొచ్చు

ప్రైవేట్ లైసెన్సుతో డబ్బు తీసుకుని ఎవరినీ తిప్పకూడదు. దానికి కమర్షియల్ లైసెన్సు కావాలి, సంస్థకి వేరే పర్మిట్ కావాలి. జాతరలో పూలు చల్లేదీ, పెళ్ళికొడుకుని దింపేదీ ఆ కోవలోవే. దిగడానికి స్థలం యజమాని ఒప్పుకోవాలి, జిల్లా అధికారులకి, పోలీసులకి తెలియాలి. ఫ్లైట్ ప్లాన్ వేసి ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు తీసుకోవాలి. రేవు, షిప్‌యార్డు, నేవీ బేస్ ఉన్న మన ఊళ్ళో ఈ విషయంలో ఎవరూ చూసీచూడనట్టు వదలరు.

కళ్ళద్దాలుంటే పనికిరారన్నది తప్పు. అద్దాలతో చూపు సరిపోతే చాలు, రంగులు గుర్తుపట్టగలగాలి. ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ప్రైవేట్ లైసెన్సుకి పదో తరగతి పాసై, 17 ఏళ్ళు నిండితే సరిపోతుంది. ఆడపిల్లలకి బలం చాలదంటారు. రెండు వేళ్ళతో పట్టుకోమని నేను చెప్పే సైక్లిక్‌కి బలంతో పనేముంది?

మీ అబ్బాయో అమ్మాయో నిజంగా నేర్చుకుంటానంటే ఏ స్కూలుకీ ఒక్క రూపాయి కట్టకముందే డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్ (ప్రైవేట్ లైసెన్సుకి కావలసిన వైద్య పరీక్ష) చేయించండి. రేపు కమర్షియల్ ఆలోచన ఉంటే నేరుగా క్లాస్ 1 ప్రమాణాలకే చూపించుకోండి. బీపీ, షుగరు, ఈసీజీ, రంగుల పరీక్ష, ఏదైనా అక్కడే తేలిపోతుంది. ఆ తర్వాత స్కూలు చూడండి. రెండు, మూడు గంటల శిక్షణకి మాత్రమే డబ్బు కట్టి, ఎగిరి చూసి, హాంగర్‌లో (హెలికాప్టర్లు ఉంచే షెడ్డులో) మెకానిక్‌తో మాట్లాడి, హెలికాప్టర్ లాగ్‌బుక్కులు చూపించమని అడగండి. మొత్తం కోర్సు డబ్బు ఒకేసారి ముందే కట్టమంటే ఒప్పుకోకండి.