"ఇజ్రాయెల్ పోతున్నట్టు యూనియన్‌లో చెప్పకు"

కోరుట్ల అడ్డా మీద ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. భవన నిర్మాణ కార్మిక సంఘంలో ఇరవై ఏళ్లకు పైగా తిరుగుతున్నాను. మేస్త్రీ కూలి ఎగ్గొడితే వచ్చేవాళ్లు, బిడ్డ పెళ్లికి పిలవడానికి వచ్చేవాళ్లు కూడా ఇజ్రాయెల్ ఊసు రాగానే నాకు మొహం చాటేస్తున్నారు. దానికి కారణమైన అపోహ గురించే ముందు చెప్పాలి.

అపోహ: యుద్ధాన్ని వ్యతిరేకించే యూనియన్, అక్కడికి పనికి పోయేవాళ్లకు శత్రువు.

వాస్తవం: కానే కాదు. మా గొడవ ప్రభుత్వ నిర్ణయంతో. మీతో కాదు.

మన దేశం నుంచి 42,000 మంది కూలీలను ఇజ్రాయెల్‌కు పంపాలన్న మాట రెండు దేశాల మధ్య 2023 మే నెలలోనే నడిచింది. ఆ అక్టోబర్ 7న హమాస్ దాడి చేసి గాజా యుద్ధం మొదలయ్యాక, ఇజ్రాయెల్ పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసింది. వేలమంది కట్టుడు పనివాళ్లు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. ఖాళీ అయిన ఆ పనుల్లోకి మనవాళ్లను నింపడమంటే మన దేశం ఆ యుద్ధంలో ఒక పక్షాన నిలబడటమేనని ఏఐటీయూసీ, సీఐటీయూ, ఐఎన్‌టీయూసీ, హెచ్‌ఎంఎస్ లాంటి కేంద్ర కార్మిక సంఘాలు నవంబర్‌లో ఉమ్మడిగా ప్రకటించాయి. ఇది అడ్డా మీద ఎవరికైనా అర్థమయ్యే విషయమే. ఒక సైట్లో పాత కూలీలను గేటు బయటకు నెట్టి మనల్ని లోపలికి పిలిస్తే, కూలి ఎంతిస్తావని అడిగే ముందు వాళ్లనెందుకు నెట్టావని అడుగుతాం. సంఘాలు అడిగిందీ అదే.

ఇంట్లో అప్పు మీద అప్పు ఉన్నవాడికి, నెలకు 1.37 లక్షలు అన్న ప్రకటన కనిపిస్తే మనసు లాగుతుంది. అది తప్పని నేను ఏనాడూ అనలేదు, అనను. తప్పల్లా దాచడంలో ఉంది. 2024 మే నెలలో హైదరాబాద్‌లో ఎంపికలు జరిగాయి. ఆ వార్త చూపించి మా వైపు ఏజెంట్లు డబ్బులు వసూలు చేశారు. సెంట్రింగ్ పని చేసే ఒక తమ్ముడు భార్య పుస్తెలతాడు కుదువపెట్టి మూడు లక్షలు కట్టాడు. నాలుగు నెలలు ఆగి, ఒక రాత్రి తొమ్మిదింటికి మా ఇంటికొచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. "అన్నా, తిడతావని రాలేదు" అన్నాడు. చేతిలో ఒకే ఒక్క కాగితం. అందులో కంపెనీ పేరు లేదు, పని చేసే ఊరు లేదు. రిజిస్టరైన ఏజెంటు సర్వీసు ఛార్జీగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదన్న సంగతే అతనికి తెలియదు. పోలీసులకూ, విదేశాలకు పనికి పోయేవాళ్ల సంగతి చూసే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసుకూ ఫిర్యాదులు రాశాం. కట్టిన డబ్బులో సగం వెనక్కి వచ్చింది. డబ్బు కట్టకముందు వచ్చి ఉంటే ఆ కాగితం చదవడానికి నాకు ఐదు నిమిషాలు చాలు. ఇప్పటికీ ఆ తాడు విడిపించుకోలేదు.

కాబట్టి టెన్షన్ పడకండి. వెళ్లాలనుకున్నా రండి, వద్దనుకున్నా రండి. నా అభిప్రాయం అడిగితే వెళ్లొద్దనే చెబుతాను. అడిగినా అడగకపోయినా మీ అగ్రిమెంట్ మాత్రం చదివి పెడతాను.

అపోహ: సర్కారే పంపుతోంది, గల్ఫ్‌కు ఉన్న రక్షణలన్నీ ఉంటాయి.

వాస్తవం: ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి పోయే ముందు సర్కారు అనుమతి, తప్పనిసరైన దేశాలు 18. ఇజ్రాయెల్ వాటిలో లేదు. ఈసీఆర్ (ఆ అనుమతి అవసరమని గుర్తు ఉన్న) పాస్‌పోర్టుతో ఆ 18 దేశాలకు పోయేవాళ్లకు 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ఇజ్రాయెల్‌కు ఆ నిబంధన వర్తించదు. బీమా ఎవరు చేస్తున్నారు, ఎంతకు చేస్తున్నారు అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. పని చోటు ఏ సరిహద్దుకు ఎంత దూరమో కూడా అడగండి. 2024 మార్చి 4న లెబనాన్ సరిహద్దులోని మార్గలియట్ తోటలో క్షిపణి పడి చనిపోయింది కేరళ నుంచి వెళ్లిన కూలీ.

అపోహ: దేశం ఒక మాట అన్నాక యూనియన్ కాదనడం దేశద్రోహం.

వాస్తవం: ఇది విన్నప్పుడల్లా నాకు ఆస్ట్రేలియాలోని పోర్ట్ కెంబ్లా రేవు గుర్తొస్తుంది. చైనా మీద యుద్ధం చేస్తున్న జపాన్‌కు పోయే పిగ్ ఐరన్ అనే ముడి ఇనుమును డాల్‌ఫ్రామ్ అనే ఓడలోకి ఎక్కించబోమని 1938 నవంబర్‌లో అక్కడి హమాలీలు ఆగిపోయారు. ఈ ఇనుమే రేపు బాంబులై మన మీద పడుతుందన్నారు. ప్రభుత్వం లైసెన్సుల పేరుతో బెదిరించింది, స్టీల్ కంపెనీ వేలమందిని పనిలోంచి ఆపేసింది. పది వారాలు పస్తులతో నిలబడి చివరికి ఆ ఇనుము ఎక్కించక తప్పలేదు. 1942 ఫిబ్రవరి 19న జపాన్ విమానాలు ఆస్ట్రేలియాలోని డార్విన్ మీద బాంబులు వేశాయి.

అపోహ: మన పోర్టుల్లో యూనియన్లు ఇజ్రాయెల్ సరుకంతా ఆపేస్తామన్నాయి.

వాస్తవం: 2024 ఫిబ్రవరిలో జల రవాణా కార్మికుల సమాఖ్య చెప్పింది ఆయుధాల సరుకు గురించి మాత్రమే. వాట్సాప్‌లో వచ్చింది నమ్మకండి.

అపోహ: వెళ్లొస్తే కార్డు పోతుంది.

వాస్తవం: యూనియన్ సభ్యత్వం ఎక్కడికీ పోదు. లేబర్ కార్డు వేరు, అది సంక్షేమ బోర్డుది. దానికి గడిచిన 12 నెలల్లో 90 రోజులు ఇక్కడ కట్టుడు పని చేసి ఉండాలి. తిరిగొచ్చాక ఆ 90 రోజులు పూర్తి చేసుకుని, ఆధార్, పాత కార్డు పట్టుకుని మా యూనియన్ ఆఫీసుకు రండి. ఆదివారాలు పొద్దున్నే అక్కడే ఉంటాను.