లేహ్ విమానం, చలి మీద పడుతున్న నిందలు

కర్నూలులో టికెట్ల దుకాణం పెట్టకముందు 20 ఏళ్లు వైమానిక దళంలో గ్రౌండ్ సిబ్బందిగా పనిచేశాను. అందులో రెండేళ్లు లద్దాఖ్‌లోని లేహ్‌లో. ఆ సంగతి ఊళ్లో తెలిసినప్పటి నుంచి బిడ్డలు సైన్యంలో ఉన్న తల్లిదండ్రులు, లద్దాఖ్ చూడాలని ఉబలాటపడే కుర్రవాళ్లు నా దగ్గరికే వస్తున్నారు. సంతోషమే. కాని ఎవరు వచ్చినా అవే నాలుగు మాటలు మోసుకొస్తారు. పోయిన వారం నంద్యాల వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చి, కూర్చోకుండానే అడిగింది: "ఆ చలికి విమానంలో నూనె గడ్డకడుతుందట కదా నాయనా, మా వాడు ఎక్కవచ్చునా?"

ఎక్కవచ్చమ్మా. విమాన ఇంధనం గడ్డకట్టేది మైనస్ 47 డిగ్రీల దగ్గర. లేహ్‌లో జనవరి తెల్లవారుజామున మైనస్ 20 పడితే ఊరంతా దాని గురించే చెప్పుకుంటారు. శంషాబాద్ నుంచి ఢిల్లీకి వెళ్లేటప్పుడు కిటికీ అవతల మైనస్ 50 దాకా ఉంటుంది, అప్పుడు మాత్రం ఎవరికీ భయం వేయదు. ఆ కాసేపట్లో ట్యాంకులోని ఇంధనం అంత చల్లబడదు. ఈ పుకారు డీజిల్ లారీల దగ్గర పుట్టి ఉంటుంది. డీజిల్ నిజంగానే చిక్కబడుతుంది, ట్యాంకు కింద స్టవ్ వెలిగించి కాచుకునే డ్రైవర్లను చూశాను. చలి బాధంతా నేల మీద పనిచేసేవాళ్లది. మొదటి శీతాకాలంలో ఒకసారి గ్లోవ్స్ తీసి స్పానర్ పట్టుకున్నాను. వదిలేసరికి అరచేతి తోలు కొంచెం దానికే ఉండిపోయింది.

విమానానికి చలి చుట్టమే. చల్లగాలి చిక్కగా ఉండి రెక్కలను బాగా మోస్తుంది. గిట్టనిది వేడి. లేహ్ విమానాశ్రయం 10,682 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. దానికి ఎండ తోడైతే ఉన్న గాలి ఇంకా పలచబడి, ఇంజిన్‌కూ బలం చాలదు, రెక్కలకూ ఆసరా చాలదు. 2024 జులై చివర్లో వేడి వల్లే అక్కడ విమానాలు వరుసగా రద్దయ్యాయి. "మన ఓర్వకల్లు విమానాశ్రయంలో 42 డిగ్రీల ఎండలోనూ విమానం లేస్తోంది కదా సార్" అని వాదించేవాళ్లున్నారు. ఓర్వకల్లు పదివేల అడుగుల ఎత్తులో లేదు స్వామీ.

ఇవన్నీ ఒక ఎత్తు, జేబుకు చిల్లు పెట్టే అపోహ ఒక ఎత్తు. "ఉదయం విమానం పోతే మధ్యాహ్నం ఇంకొకటి ఉంటుందిలే" అనుకోవడం. కర్నూలు బస్టాండులో హైదరాబాద్ బస్సు తప్పితే ఇంకొకటి దొరుకుతుంది కనుక మనకు ఆ అలవాటు. లేహ్‌లో మధ్యాహ్నమయ్యేసరికి లోయలో గాలులు లేస్తాయి, అందుకే రాకపోకలు ప్రధానంగా ఉదయం పూటే. చుట్టూ కొండలు కనుక విమానం ఏ వైపు నుంచి వచ్చి దిగుతుందో తిరిగి ఆ వైపుకే లేవాలి. గాలి దిశ మారిందని రన్‌వే రెండో కొసకు మారే వీలు లేదు. పైలట్ లోయను కళ్లతో చూస్తూ దిగాలి. మబ్బు కమ్మితే వచ్చిన విమానం వచ్చిన దారినే ఢిల్లీకి వెళ్లిపోతుంది. ఇక మర్నాడే. మర్నాటి సీట్లు ముందే నిండి ఉంటే ఆ పై రోజు.

బనగానపల్లె దగ్గరి జవాను ఒకడు చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టుకున్నాడు. ఫోనులో తనే టికెట్లు తీసుకున్నాడు, లేహ్ నుంచి ఢిల్లీకి ఒక కంపెనీది, ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు మరో కంపెనీది. మధ్యలో మూడున్నర గంటలు. చాలదా అంటే మామూలు ఊరికైతే చాలు. ఆ ఉదయం మబ్బు పట్టి మొదటి విమానం రద్దయింది. దాని డబ్బు తిరిగి వచ్చింది. రెండోది మాత్రం ఢిల్లీలో తన వేళకు తాను ఎగిరిపోయింది. ఆ కంపెనీ లెక్కలో ఇతను రాని ప్రయాణికుడు, పన్నుల కింద ఆరు వందల చిల్లర మాత్రం వెనక్కి ఇచ్చారు. రెండు కాగితాలూ నా బల్ల మీద పక్కపక్కన పెట్టి "ఎక్కడ తప్పు చేశాను అన్నా?" అన్నాడు. పీఎన్ఆర్, అంటే బుకింగ్ నంబర్లు, రెండు ఉన్నాయి, తప్పు అదే. ఇంటికి చేరేసరికి పందిరి విప్పుతున్నారట.

మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోండి. అప్పుడు మొదటిది తప్పితే తర్వాతి దానిలో కూర్చోబెట్టే భారం కంపెనీదే. విడివిడిగా తీసుకోక తప్పకపోతే ఢిల్లీలో ఒక రాత్రి ఆగండి. ముహూర్తం ఉంటే రెండు రాత్రులు. వాతావరణం వల్ల రద్దయితే డబ్బో, మరో విమానమో ఇస్తారు, నష్టపరిహారం ఇవ్వరు. కౌంటర్‌లోని అమ్మాయి మీద అరిచి లాభం లేదు.

మిగతావి గబగబా చెప్తాను. అక్కడ దిగడమే ప్రాణగండం అంటారు. 1948 మే 24న, ఆ రోజుల్లోనే, వైమానిక దళ అధికారి మెహర్ సింగ్, సైన్యంలోని జనరల్ తిమ్మయ్యను ఎక్కించుకుని డకోటా అనే పాతకాలపు రవాణా విమానంలో దిగిన చోటు అది. ఇవాళ అక్కడికి నడిపే కెప్టెన్లకు ప్రత్యేక శిక్షణ ఉంటుంది. లేహ్ ఎప్పుడూ మంచులో మునిగి ఉంటుందంటారు. ఏడాది మొత్తానికి అక్కడ కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లు, కరువు సీమ అనిపించుకున్న మన అనంతపురానిది అంతకు అయిదు రెట్లు. కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ అందుతుందంటారు. అందదు. గాలిలో ఆక్సిజన్ అక్కడా 21 శాతమే, తగ్గేది ఒత్తిడి. ఒంటికి ఆ ఎత్తు అలవాటు పడాలి కనుక దిగాక రెండు రోజులు గదిలో పడుకోండి, ఆ రోజే ఖార్దుంగ్ లా కనుమ ఎక్కకండి. మాత్రల సంగతి డాక్టరును అడగండి, నన్ను కాదు.

నంద్యాల పెద్దావిడ కొడుకుకు ఒకే పీఎన్ఆర్ మీద టికెట్టు చేశాను. వెళ్తూ వెళ్తూ, కిందటిసారి కొడుకు సెలవు ముగించుకుని వెళ్తుంటే గోంగూర పచ్చడి సీసా పెట్టానని, లేహ్‌లో మూత తీయగానే నూనె పొంగి యూనిఫారమంతా పాడైందని చెప్పింది. ఆ ఎత్తులో మూసి ఉన్నవేవైనా ఉబ్బుతాయి. సీసా నిండా నింపవద్దని, రెండు కవర్లలో చుట్టి లగేజీలో వేయమని చెప్పాను. "సగం సీసా వాడికి ఏ మూలకు?" అంది.