వాక్యూమ్ అడ్వాన్స్ మార్చే ముందు: అపోహలు - వాస్తవాలు

1962లో వచ్చిన ఎంజీబీ స్పోర్ట్స్ కారులో లూకాస్ 25డీ4 డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ను ఒక్కో సిలిండర్‌కు పంచే భాగం) ఉంటుంది. దాని పక్కన అతుక్కుని ఉండే గుండ్రటి రేకు డబ్బాయే వాక్యూమ్ యూనిట్. కార్బురేటర్ నుంచి పైపులో వచ్చే పీల్పుతో (వాక్యూమ్‌తో) స్పార్క్ పడే సమయాన్ని, అంటే టైమింగ్‌ను, ముందుకు జరుపుతుంది; అదే అడ్వాన్స్. నా దగ్గరికి వచ్చే కార్లలో అనవసరంగా మార్చే భాగాల్లో ఇదొకటి.

అపోహ: ఇది ఉంటేనే కారు దూకుతుంది.

యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే వాక్యూమ్ దాదాపు ఉండదు, డబ్బా ఊరికే కూర్చుంటుంది. అప్పుడు టైమింగ్ చూసుకునేవి డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు, స్ప్రింగులు. నిలకడగా, కొద్దిగా తొక్కి నడిపేటప్పుడే దీనికి పని. అప్పుడు సిలిండర్‌లో పెట్రోలు-గాలి మిశ్రమం పలచగా ఉండి నిదానంగా మండుతుంది, అందుకే స్పార్క్ ఇంకాస్త ముందే పడాలి. పైపు పీకేసి తిరిగితే కారు ఆగిపోదు గానీ మైలేజీ తగ్గుతుంది.

అపోహ: బిగింపు సరిపోతే ఏదైనా పెట్టొచ్చు.

డబ్బా మీద 5-13-10 లాంటి అంకెలు చెక్కి ఉంటాయి. 5 అంగుళాల పాదరస వాక్యూమ్ దగ్గర కదలిక మొదలై, 13 దగ్గర పూర్తవుతుంది, మొత్తం 10 డిగ్రీలు. ఇవి డిస్ట్రిబ్యూటర్ డిగ్రీలు, దానికి రెట్టింపు తిరిగే క్రాంక్‌షాఫ్ట్ దగ్గర 20. వేరే అంకెలున్నది పెడితే టైమింగ్ లెక్కే మారిపోతుంది.

అపోహ: అడ్వాన్స్ రావట్లేదంటే డబ్బా పోయినట్టే.

ఇక్కడే డబ్బులు వృథా అయ్యేది. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, కార్బురేటర్ వైపు పైపు ఊడదీసి నోటితో గట్టిగా పీల్చండి, కొనకు నాలుక అడ్డం పెట్టండి. పాయింట్లున్న (స్పార్క్ కోసం కరెంటు తెంచే కాంటాక్టులున్న) ప్లేటు కదిలి, నాలుక తీసేదాకా అక్కడే నిలిస్తే డబ్బా లోపలి పలచని పొర, డయాఫ్రమ్, బాగున్నట్టే. నాలుక పట్టేసి ప్లేటు మాత్రం కదలకపోతే ఆ ప్లేటే బిగుసుకుపోయింది. ఒక కారుకు అప్పటికే రెండు కొత్త డబ్బాలు మార్చారు. విప్పి చూస్తే ప్లేటు కింద గ్రీజు లక్కలా గట్టిపడి ఉంది! కిరసనాయిలుతో కడిగి, పలచగా నూనె రాస్తే పని అయిపోయింది. ప్లేటుకు ఉండే చిన్న ఎర్త్ వైరు కూడా చూడండి. ఊగి ఊగి లోపల తెగుతుంది, అప్పుడప్పుడు మిస్‌ఫైర్ అవుతుంది, పైకి ఏమీ కనపడదు.

నిజంగా మార్చాల్సి వస్తే, టైమింగ్ సర్దే గీతల స్కేలు ఏ గీత దగ్గరుందో ముందే రాసుకోండి. సర్‌క్లిప్ (నట్టు జారకుండా పట్టే చిన్న స్ప్రింగు రింగు) తీసేటప్పుడు చుట్టూ గుడ్డ కప్పండి, అది ఎగిరితే వెతుక్కోవడమే సరిపోతుంది. తర్వాత టైమింగ్ సర్దే గళ్ల నట్టు విప్పితే డబ్బా బయటికి వస్తుంది, దాని వెనకాల స్ప్రింగులు జాగ్రత్త.

అపోహ: పైపు తగిలించే టైమింగ్ పెట్టాలి.

పైపు తీసి, అది తగిలే కార్బురేటర్ రంధ్రం మూసి, అప్పుడు టైమింగ్ పెట్టాలి. మూయకపోతే గాలి లోపలికి పోయి ఐడిలింగ్ తప్పుదారి పట్టిస్తుంది.