రెండు గ్రాఫులు చదవడం నేర్చుకుంటే

సౌరజ్వాలల (సూర్యుడి మీద ఉన్నట్టుండి జరిగే శక్తి విస్ఫోటాల) గురించి, విశ్వకిరణాల గురించి తెలుసుకోవాలనుకునేవారు సాధారణంగా మంచి పుస్తకం కోసం వెతుకుతారు. నేనైతే ముందు రెండు గ్రాఫులు చూడమంటాను. రెండూ ఇంటర్నెట్‌లో ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి.

మొదటిది అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం ఇచ్చే ఎక్స్-కిరణాల గ్రాఫు. గోస్ ఉపగ్రహాలు సూర్యుడి నుంచి వచ్చే ఎక్స్-కిరణాలను నిరంతరం కొలుస్తుంటాయి. జ్వాల ఎగసినప్పుడు గీత కొద్ది నిమిషాల్లో నిట్టనిలువుగా లేచి, నెమ్మదిగా దిగుతుంది. పక్కన ఎ, బి, సి, ఎం, ఎక్స్ అనే తరగతులుంటాయి. ఒక్కో మెట్టుకు తీవ్రత పది రెట్లు. గీత లేచిన సమయం రాసుకుని, అదే వేళకు నాసా ఉపగ్రహం సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ తీసిన చిత్రాలు తెరవండి. జ్వాల సూర్యబింబం మీద ఎక్కడ పుట్టిందో కళ్లారా కనిపిస్తుంది.

రెండోది ఫిన్లాండ్‌లోని ఔలు న్యూట్రాన్ మానిటర్ గ్రాఫు. 1964 నుంచి నడుస్తున్న లెక్క ఇది. విశ్వకిరణాలు పేరుకే కిరణాలు. నిజానికి అవి కణాలు, ఎక్కువగా ప్రోటాన్లు. (ఈ పేరు కొత్తవారిని ఎంత తికమకపెడుతుందో!) అవి గాలిలోని పరమాణు కేంద్రకాలను ఢీకొన్నప్పుడు కణాల జల్లు పుడుతుంది. అందులో నేల దాకా చేరిన న్యూట్రాన్లను ఈ పరికరం లెక్కిస్తుంది.

ఈ కణాలు సూర్యుడి నుంచే వస్తున్నాయా? ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త విక్టర్ హెస్ 1912 ఏప్రిల్‌లో సూర్యగ్రహణం వేళ బెలూన్‌లో ఎగిరి చూశాడు. సూర్యుణ్ని చంద్రుడు చాలావరకు కప్పినా ఈ వికిరణం తగ్గలేదు. ఆ ఆగస్టులో 5 కిలోమీటర్లకు పైగా ఎగిరి, పైకి వెళ్లేకొద్దీ అది పెరుగుతోందని తేల్చాడు. దానికి 1936లో నోబెల్ బహుమతి వచ్చింది.

అలాగని సూర్యుడికి ప్రమేయం లేదనుకోకూడదు. పెద్ద జ్వాలతో పాటు తరచూ భారీ ప్లాస్మా (విద్యుదావేశం గల వాయువు) మేఘం కూడా ఎగసిపడుతుంది. అది మనవైపు వస్తే సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో భూమిని చేరుతుంది. దానితో వచ్చే అయస్కాంత క్షేత్రం దూరాల నుంచి వస్తున్న విశ్వకిరణాలను పక్కకు మళ్లిస్తుంది. అందుకే సూర్యుడు చెలరేగితే ఔలు గీత పెరగకపోగా పడిపోతుంది! దీనిని ఫోర్బుష్ తగ్గుదల అంటారు. అరుదుగా సూర్యుడే అత్యధిక శక్తి గల కణాలను విసిరినప్పుడు మాత్రం గీత లేస్తుంది.

2024 మే నెల గ్రాఫులు తెరిచి చూడండి. 10వ తేదీన ప్లాస్మా మేఘాలు భూమిని తాకాక ఔలు గీత జారింది. 11న ఆ పల్లంలోనే చిన్న గుట్టలా పైకి లేచింది.